ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క

మా ఊరి బడిలో కమిటీ సమావేశం అంటే చాలాకాలం ఒకటే పని. తీర్మానాల పుస్తకం మా ముందుకు వచ్చేది. సంతకం వచ్చినవారం సంతకం, రానివారం వేలిముద్ర వేసి ఇంటికి వచ్చేవాళ్ళం. అందులో ఏమి వ్రాసి ఉన్నదో అడిగినవారు లేరు, చెప్పినవారూ లేరు.

మన దేశంలో ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. 6 నుండి 14 ఏండ్ల పిల్లల చదువుకు ప్రభుత్వం, పంతుళ్ళు, తల్లిదండ్రులు ఎవరెవరు దేనికి జవాబుదారులో అందులో ఉన్నది. దానిని తెలుసుకోవాలని కూర్చున్నాం. ఒకరు చదివారు, తక్కినవారు విన్నారు. అరగంటలో సగంమందికి కునికిపాట్లు వచ్చాయి.

అప్పుడు బి.ఎడ్. చదివిన మా సంఘపు చెల్లెలు ఒకరు వేరొక పద్ధతి చెప్పింది. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో తెల్లవారి పిల్లలు, నల్లవారి పిల్లలు కొత్తగా ఒకే తరగతిలో కూర్చోవలసి వచ్చినప్పుడు వారి మధ్య తగాదాలు పెరిగాయి. ఇలియట్ అరాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చారు. తన ముక్క తాను నేర్చుకొని మిగిలినవారికి చెప్పాలి. ఎవరిని చిన్నచూపు చూచినా పాఠంలో ఆ ముక్క అందదు. అందుచేత ఒకరి మాట ఒకరు వినక తప్పలేదు.

మేమూ అలాగే చేశాం. ఒక ఆదివారం మధ్యాహ్నం 25 మందిమి ఐదు గుంపులుగా కూర్చున్నాం. చట్టాన్ని ఐదు ముక్కలు చేసి, ప్రతి గుంపులో ఒక్కొక్కరం ఒక్కొక్క ముక్క తీసుకున్నాం. ఒకే ముక్క వచ్చిన ఐదుగురు ఒకచోట చేరారు. చదువు వచ్చినవారు చదివితే, రానివారు అడిగి అడిగి గుర్తుపెట్టుకున్నారు. తరువాత తమ గుంపుకు తిరిగి వెళ్ళి చెప్పారు.

ఆ రోజు ఎన్నో సంగతులు తెలిసినవి. ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు పంతుళ్ళు, 90 వరకు ముగ్గురు ఉండాలి. ఐదవ తరగతి వరకు ఏడాదికి 200 రోజులు, ఆరు నుండి ఎనిమిది వరకు 220 రోజులు బడి నడవాలి. పిల్లలను కొట్టకూడదు, మనసు నొప్పించి వేధించకూడదు. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది స్త్రీలు ఉండాలి. బడికి వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడవలసినది ఆ కమిటీయే. వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే స్థానిక అధికారులు మూడు నెలలలో తేల్చాలి.

కూలిపని చేసుకొనే ఒక అక్కకు 'బడిలో చేర్చుకోవడం' అనే ముక్క వచ్చింది. ఆమెకు అక్షరం రాదు. అప్పటికి ఆమె వాడలో ఒక కుటుంబం వలస నుండి తిరిగి వచ్చి ఉన్నది. టి.సి. లేదన్నందుకు వారి అమ్మాయి బడి మాని మేకల వెంట తిరుగుతున్నది. తరువాతి సమావేశంలో ఈ అక్క లేచి నిలబడింది.

"సారూ, టి.సి. రావడం ఆలస్యమైందని పిల్లను చేర్చుకోకుండా ఉండకూడదట. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, వెనుకబడిన చదువు ప్రత్యేకంగా చెప్పాలట. పద్నాలుగేళ్ళు దాటినా ఎనిమిదవ తరగతి అయ్యేదాకా ఫీజు లేకుండానే చదువుకోవచ్చట" అన్నది.

హెడ్మాస్టరు గారు కొంచెంసేపు ఆలోచించి, "నిజమేనమ్మా, రేపు పిలుచుకొని రండి" అన్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు బడికి వెళుతున్నది.

అన్నీ చక్కబడ్డాయని మేము చెప్పము. మా బడికి రావలసిన ఇంకొక పంతులు ఇంకా రాలేదు. అర్జీ వ్రాసి ఇచ్చాం, మూడు నెలల గడువును లెక్కపెట్టుకుంటున్నాం. కాని తీర్మానాల పుస్తకం ఇప్పుడు అందరికీ వినబడేలా చదివిన తరువాతే మా ముందుకు వస్తున్నది. ఆ అక్క నేటికీ వేలిముద్రే వేస్తుంది. అయితే రెండుసార్లు చదివించుకొని మరీ వేస్తుంది.

ప్రియ చదువరులారా, చట్టమంతా తెలిసినవారు మాలో ఒక్కరూ లేరు. అందరం కూర్చుంటే చట్టమంతా మాకు తెలుసు. మీ ఊరిలో కూడా ఒక మధ్యాహ్నం కూర్చొని చూడండి. చదువు రానివారికి కూడా ఒక ముక్క ఇవ్వడం మాత్రం మరువకండి.