బల్ల మీద నిప్పులు, తల మీద గొట్టం

బెజవాడలో కృష్ణ ఒడ్డున సాయంకాలం పూట మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేవారిని మీరు చూసే ఉంటారు. ఒక కుంపటి, కాసిని బొగ్గులు, చేతిలో విసనకర్ర. గింజలు చిటపటమంటూ గోధుమరంగుకు తిరుగుతాయి. నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది మీ చేతికిస్తారు.

ఇప్పుడు అదే కుంపటిని ఒక హోటల్లో, తలుపులు మూసిన గదిలో, మీరు భోజనం చేసే బల్ల నడుమ పెట్టారనుకోండి. ఆ గదిలో అలాంటి బల్లలు ఇరవై ఉన్నాయనుకోండి. ఊపిరి ఆడుతుందా?

దక్షిణ కొరియాలో ఇలాంటి హోటళ్ళు వీధివీధికీ ఉంటాయి. చదువుకోసమో, ఉద్యోగం కోసమో అక్కడికి వెళ్ళిన తెలుగువాళ్ళు మొదట ఆశ్చర్యపోయేది వీటిని చూసే. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారంలో ఉత్పత్తి ప్రారంభమయ్యాక ఆ చుట్టుపక్కల కూడా కొరియా భోజనశాలలు వెలిశాయి. రండి, మనమూ ఒక బల్ల ముందు కూర్చుందాం.

ముందుగా చిన్న చిన్న గిన్నెలు వస్తాయి. కారం పట్టించి పులియబెట్టిన క్యాబేజీ, మొలకలు, ముల్లంగి ముక్కలు. అయిపోతే అడిగి మళ్ళీ వేయించుకోవచ్చు. మన భోజన హోటల్లో పప్పూ పచ్చడీ మారు వడ్డించినట్టే! తరవాత ఎర్రగా కణకణలాడే బొగ్గుల గిన్నెను తెచ్చి బల్ల నడుమ ఉన్న గుంటలో దింపుతారు. దానిమీద ఇనుప జల్లెడ. పక్కన పళ్ళెంలో పల్చగా తరిగిన పచ్చి మాంసం. వండుకోవలసింది మీరే! ముక్కలు కోయడానికి కత్తి ఇవ్వరు, కత్తెర ఇస్తారు. కాలిన ముక్కను పచ్చి ఆకులో పెట్టి, కాస్త వెల్లుల్లి, కాస్త కారపు ముద్ద చేర్చి, కిళ్ళీలాగా చుట్టి ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి. మాంసం తిననివారు పుట్టగొడుగులూ ఉల్లిపాయలూ కాల్చుకోవచ్చు.

ఈ వంటకాల్లో ఒకదాని పేరు బుల్గోగి. బుల్ అంటే నిప్పు, గోగి అంటే మాంసం. దీని ముక్కలను సోయా సాస్, పంచదార, వెల్లుల్లి, నువ్వులనూనె, తురిమిన బేరిపండు కలిపి ముందే నానబెడతారు. బేరిపండు ఎందుకు? మన ఇళ్ళలో ముదురు మాంసం త్వరగా ఉడకడానికి పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు కదా, అందుకే. బొప్పాయి పాలలో పెపేన్ అనే ఎంజైము ఉంటుంది. అది మాంసకృత్తులను ముక్కలుగా తెంచుతుంది. అలాంటి గుణమున్న ఎంజైములు బేరిలోనూ ఉన్నాయి.

ముక్క జల్లెడను తాకగానే 'సుయ్'మంటుంది. ఆ చప్పుడు నీటిది. నీరు ఆవిరై పోయేదాకా ముక్క ఉపరితలం 100 సెంటీగ్రేడు డిగ్రీలు దాటి పెద్దగా వేడెక్కదు. పైపొర ఆరిపోయి, వేడి సుమారు 140 డిగ్రీలకు చేరాక అసలు కథ మొదలవుతుంది. మాంసకృత్తులలోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ ఒకదానితో ఒకటి చర్య జరుపుకొని వందలాది కొత్త పదార్థాలను పుట్టిస్తాయి. ఆ గోధుమరంగు, ఆ కమ్మని వాసన వాటివే. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయ్యార్ పేరనే దీన్ని మయ్యార్ చర్య అంటున్నారు. దీనికోసం మీరు కొరియా పోనక్కరలేదు. ఇడ్లీ పిండీ దోసె పిండీ దాదాపు ఒకటే కదా! ఆవిరిలో ఉడికిన ఇడ్లీ తెల్లగానే ఉంటుంది, పెనం మీది దోసె ఎర్రబడుతుంది. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇక తల పైకెత్తి చూడండి. ప్రతి బల్లమీదా పైకప్పునుంచి ఒక లోహపు గొట్టం వేలాడుతూ ఉంటుంది. పట్టుకు లాగితే కిందికి, జల్లెడకు జానెడు దూరానికి వస్తుంది. దాని రెండో కొస దగ్గర పంకా తిరుగుతూ గాలిని బయటికి లాగేస్తుంటుంది. కొవ్వు నిప్పులపై కారినప్పుడు లేచే పొగను అది మింగేస్తుంది. కాని పొగకంటే ముఖ్యమైనదాన్ని, కంటికి కనిపించనిదాన్ని కూడా అది తీసుకుపోతుంది.

కుంపటి అడుగున గాలి బాగా తగిలే చోట బొగ్గు కాలి కార్బన్ డయాక్సైడు అవుతుంది. ఆ వాయువు పైనున్న ఎర్రటి బొగ్గుల మధ్యగా లేస్తూ మరికొంత కార్బన్‌ను కలుపుకొని కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. నిప్పులమీద అప్పుడప్పుడు నీలిరంగు మంట నాట్యమాడటం చూశారా? అది కార్బన్ మోనాక్సైడు మండటమే. మండగా మిగిలింది గదిలోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కట్టెల పొగ కళ్ళు మండించి మనల్ని బయటికి తరుముతుంది, ఇది అలా తరమదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకునేదానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ఇక ప్రాణవాయువుకు చోటు ఉండదు. మొదట తలనొప్పి, వికారం, తరవాత మత్తు. నిద్ర వస్తున్నదనుకొని పడుకున్నవాళ్ళు మళ్ళీ లేవకపోవచ్చు.

కొరియన్లకు ఈ సంగతి చాలా కష్టం మీద తెలిసింది. వారి ఇళ్ళలో ఒండోల్ అనే ఏర్పాటు ఉంటుంది. పాత పద్ధతిలో పొయ్యి వేడి నేలకింది దారులగుండా పోయి గదిని వెచ్చబరిచేది. 1960ల నుంచి 80ల దాకా ఎన్నో ఇళ్ళలో దీనికి రంధ్రాలుగల గుండ్రని బొగ్గు ఇటుకలు వాడేవారు. నేలలో సన్నని పగులుంటే చాలు, చలికాలపు రాత్రి ఆ వాయువు పడకగదిలోకి వచ్చేది. ఎన్నో కుటుంబాలు అలా నిద్రలోనే పోయాయి. మత్తులో ఉన్నవారికి ముల్లంగి ఊరవేసిన పుల్లని నీరు తాగించేవారు. పాపం, దానివల్ల ఒరిగేదేమీ లేదు. కావలసింది గాలి. మామూలు గాలిలో ఉంటే రక్తంలోని ఈ వాయువు సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. ఆసుపత్రిలో శుద్ధమైన ప్రాణవాయువు పట్టిస్తే గంటన్నరలోపే తగ్గుతుంది.

బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త ఈ వాయువును తానే పీల్చి, తన రక్తాన్ని పరీక్షించుకొని, 1895లో ఆ ఫలితాలు ప్రకటించాడు. గట్టివాడే! ఆయన కొడుకు జె.బి.యస్. హాల్డేన్ కూడా శాస్త్రవేత్తే. ఆయన 1957లో మన దేశానికి వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

మనకు ఒండోల్ లేదు, కృష్ణా జిల్లాలో అంత చలీ లేదు. కాని గాలి తగలకూడదని కిటికీలు మూసి బాలింత గదిలో కుంపటి పెట్టే ఇళ్ళున్నాయి. తుఫాను రోజుల్లో కరెంటు పోతే, వానకు తడుస్తుందని జనరేటరును వరండాలోకో గదిలోకో తెచ్చేవారూ ఉన్నారు. దాని పొగలోనూ ఇదే వాయువు ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా ఆ పని చేయబోతే, "పొగ రావటం లేదుగా" అన్నా సరే, కుంపటినీ జనరేటరునూ బయటే ఉంచమనండి. అప్పటికే ఎవరికైనా తల తిరుగుతుంటే ముందు వాళ్ళను బయటికి తీసుకురండి, ఆ తరవాత ఆసుపత్రికి.

పొత్తులు కాల్చేవారికి ఈ బెడద లేదు, కృష్ణ మీది గాలి ఉంది. గదిలో మాత్రం వేడిగాలి తేలికై పైకి లేస్తుంది. దాన్ని బయటికి పోనిచ్చే దారి పైన ఉండాలి, చల్లగాలి వచ్చే దారి కింద ఉండాలి. బయట గాలి లేని రోజున, మీ వంటింట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, పెద్దవాళ్ళకు చెప్పి ఒక అగరువత్తి వెలిగించండి. ఓరగా తీసిన తలుపు సందులో ఒకసారి గడప దగ్గర, ఒకసారి పైకమ్మీ దగ్గర పట్టుకోండి. పొగ ఎక్కడ లోపలికి వంగుతుందో, ఎక్కడ బయటికి వంగుతుందో చూడండి.