పిరిడీను వలయము - దాని ఆదేశములు

నేటి నా ప్రసంగ విషయము పిరిడీను అను పదార్థము. పేరు క్రొత్తగా తోచవచ్చును గాని, దాని సంతతి మన గ్రామములలోనికి ఏనాడో వచ్చినది. క్షయరోగికి వైద్యులిచ్చు ఐసోనియజిడ్ మాత్ర అట్టిదే. మా నడిగూడెము మునగాల సంస్థానమునకు రాజధానిగా నుండినది. ఆ సంస్థానమున దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారిలో ముఖ్యులు. శాస్త్రములను తెలుగున చెప్పవచ్చునని వారు చూపిన ధైర్యముతోనే నేనీ విషయమునకు పూనుకొంటిని.

పిరిడీను అణువు ఆరు పరమాణువుల వలయము. చేయి చేయి పట్టుకొని గుండ్రముగా నిలిచిన ఆరుగురిని భావింపుడు. వారిలో అయిదుగురు కర్బనములు, ఒకరు నత్రజని. నత్రజనిని ఒకటవ స్థానముగా లెక్కింతురు. ప్రతి కర్బనము నంటి యొక ఉదజని యుండును. దానిని త్రోసి వేఱొక సమూహమును నిలిపినచో, వ్యాకరణ పరిభాషలో అది ఆదేశము. ఒక్క ఆదేశమునకు భేదములు మూడే: నత్రజని ప్రక్కనున్న రెండవ చోటు, తరువాతి మూడవ చోటు, ఎదుటనున్న నాల్గవ చోటు. ఒకే గురువు మొదట నున్న భగణము, నడుమ నున్న జగణము, కడపట నున్న సగణము అగునట్లే, ఇచ్చటను చోటు మాఱిన గుణము మాఱును. మూడవ చోట ఆమ్లసమూహమున్న నది నికోటినిక్ ఆమ్లము. శరీరమున దాని కొఱత పడినచో పెల్లాగ్రా రోగము కలుగును: ఎండ సోకిన చర్మము నల్లబడును, విరేచనములగును, మతి చలించును. జొన్నలే ఆహారముగా గల తెలంగాణపు పేదలలో ఈ రోగమును గూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1960 ప్రాంతమున పరిశోధించిరి. ఆ సమూహమే నాల్గవ చోటికి జరిగినచో పోషణగుణము పోవును; కాని దానికి హైడ్రజీను చేర్చిన ఐసోనియజిడ్ అగును.

మొదట పిరిడీనును, మిథైలు సమూహము గల పికోలీనులను బొగ్గు తారునుండి తీయుచుండిరి. చిక్కంతయు అచ్చటనే. మూడవ చోటి పికోలీను 144 డిగ్రీల వద్ద మరుగును, నాల్గవ చోటిది 145 డిగ్రీల వద్ద. ఆవిరిపట్టి వేఱుచేయబోయిన రెండును కలిసియే వచ్చును. కావున వలయమునే మనము కట్టవలెను.

జర్మనీ దేశీయుడగు ఆర్థర్ హాంచ్ 1881-82 లో ఒక మార్గము చూపెను. ఆల్డిహైడు ఒక పాలు, ఎసిటో ఎసిటిక్ ఎస్టరు రెండు పాళ్లు, అమ్మోనియా ఒక పాలు. కళాయి వేయువాని నవాసాగరమును సున్నముతో నలిచినప్పుడు ముక్కు నదరగొట్టు వాయువే యీ అమ్మోనియా. అది నత్రజని నిచ్చును. ఆల్డిహైడు దాని కెదురుగా నాల్గవ చోట కుదురుకొనును. ఎస్టరులు రెండు ప్రక్కలను పూరించును. అప్పటికిని రెండు ఉదజనులు అధికముగా నుండును. వానిని నత్రికామ్లముచే తొలగించిన పిరిడీను సిద్ధించును. తొలగింపక నిలిపిన రూపమునకు చెందినదే, మనలో పెక్కురు రక్తపుపోటునకై మ్రింగు ఆమ్లోడిపిన్. నాకీ ఘట్టము మిక్కిలి ముచ్చట గొలుపును.

కర్మాగారములలో ఆల్డిహైడు, అమ్మోనియా ఆవిరులను వేడి ఉత్ప్రేరకముపై నడపుదురు. అసిటాల్డిహైడు ఒక్కటియే యైన రెండవ, నాల్గవ చోట్ల పికోలీనులు వచ్చును. ఇవి సులువుగా వేఱగును. రెండవది 129 డిగ్రీలకే మరుగును. ఫార్మాల్డిహైడును జతచేసిన పిరిడీనును, మూడవ చోటి పికోలీనును వచ్చును. హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారు జియోలైటు ఉత్ప్రేరకములతో ఈ మార్గమున కృషిచేసిరి.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సహచరులతో గూడి, నికోటినమైడునకు పలు ఆదేశములు చేసి క్షయముపై పరీక్షించిరి. ఆ వ్యాసము వెలువడిన 1948లోనే, ఆగష్టు నెలలో, ఆయన గతించిరి. ఐసోనియజిడ్ 1912లోనే ప్రాగు నగరమున తయారైనది. కాని క్షయమును హరించు దాని శక్తి 1951-52 వఱకు ఎవ్వరికిని తెలియదు. నడుమ నలువదేండ్లు ఎందఱు పోయిరో!

ఈ మాత్ర వాడు కొందఱికి అరకాళ్లు మంటలెత్తును, తిమ్మిరి పట్టును. మందు పడలేదని నడుమ మానివేయువారు కలరు. మానినచో రోగము తిరుగబెట్టును. పిదప ఆ మందునకు లొంగకయు పోవచ్చును. ఐసోనియజిడ్ శరీరములోని పిరిడాక్సినును, అనగా బి6 విటమినును, తఱుగజేయుటయే ఆ మంటకు హేతువు. వైద్యునితో చెప్పినచో దానిని గూడ ఇచ్చును. ఆ పిరిడాక్సినును పిరిడీను వలయమే. దానికి నాలుగు ఆదేశములు.