వార్తల్లో పదం: ఆపత్కాల ఆర్థిక సాయం

కరోనా రెండో ఉద్ధృతిలో 2021 మార్చి 24 నుంచి తెలంగాణలో బడులు మూతపడ్డాయి. జీతాలు ఆగిపోయిన ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు, సిబ్బందికి నెలకు రూ.2,000, రేషన్ దుకాణాల ద్వారా 25 కిలోల బియ్యం ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఏప్రిల్ 8న ప్రకటించారు.

ఎవరికి?: గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల్లో పనిచేసేవారికి. నగదు నేరుగా బ్యాంకు ఖాతాలో వేశారు. హైదరాబాద్‌లోని అమీర్‌పేట, పంజాగుట్టల కోచింగ్ సెంటర్ల బోధకులు బడి సిబ్బంది కారు కాబట్టి ఈ సాయం పరిధిలోకి రాలేదు.

పన్ను ఉందా?: అప్పట్లో మన దేశంలో ఏడాది ఆదాయం రూ.2.5 లక్షలు దాటనివారికి ఆదాయపు పన్ను లేదు. పోలికకు, కరోనా కాలంలో బ్రిటన్‌లో పని లేక సెలవులో ఉంచిన ఉద్యోగుల కోసం పెట్టిన ఫర్లో పథకం వారి జీతంలో 80 శాతం వరకు భరించింది. దానిపై మామూలు జీతంలాగే పన్ను పడింది.

ఇకపై ఏ విపత్తులోనైనా సంస్థకున్న గుర్తింపు కాదు, మనిషి కోల్పోయిన జీతమే అర్హతకు కొలమానం కావాలి.