అగ్గిపెట్టెయంత కంప్యూటరు

మన పాఠశాల పిల్లల తలిదండ్రులు పలువురు ఈ యేడు మమ్మొక ప్రశ్న అడిగిరి. "పిల్లవాడు రాస్బెర్రీ పై అను బోర్డు నొకదానిని కొనిపెట్టుమని మారాము చేయుచున్నాడు. అది ఆటవస్తువా, చదువునకు పనికివచ్చునదా?" ప్రశ్న న్యాయమైనదే. అగ్గిపెట్టెల పనిమీదనో, మగ్గముమీదనో సంసారము నడపుకొను ఇంటిలో కొన్ని వేల రూపాయలనగా చిన్న మాట కాదు. కావున ఆ వస్తువును గూర్చి ఇచట కొంత వివరింపదలచితిమి.

మనమెరిగిన కంప్యూటరు పెట్టెలో లెక్కలు చేయు చిప్పు, పని సాగునంతసేపు విషయములను నిలుపుకొను మెమొరీ, తీగెలు తగిలించుటకు రంధ్రములు ఉండును. వీనినన్నిటిని ఒకే చిన్న బోర్డుపై అమర్చినచో అదియే ఈ యంత్రము. దీని సాధారణ నమూనా పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56; అనగా బ్యాంకు వారిచ్చు ఏటీయం కార్డంత. 'జీరో' అను చిన్న నమూనా 65 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. మన గుడియాత్తపు అగ్గిపెట్టెను కొంచెము సాగదీసినట్లుండును. దీనికి స్వంత తెర లేదు. ఇంటి టీవీకి తగిలింపవలెను. సెల్‌ఫోనులో వేయు చిన్న మెమొరీ కార్డే దీనికి పుస్తకము, పెట్టె, సర్వస్వము. 5 వోల్టుల విద్యుత్తు చాలును.

ఇది పుట్టిన కథ తలిదండ్రులు వినదగినది. 1981లో ఇంగ్లండులో బీబీసీ మైక్రో అను కంప్యూటరు వెలువడెను. ఆ కాలపు పిల్లలు అట్టి యంత్రములముందు కూర్చుండి స్వయముగా ప్రోగ్రాములు వ్రాసిరి. తరువాతి తరమునకు దొరకిన యంత్రములు మిక్కిలి అందమైనవే గాని, వానిని విప్పిచూచు అవకాశము తక్కువ. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో కంప్యూటరు శాస్త్రము చదువవచ్చు విద్యార్థులకు పూర్వపువారికున్న అనుభవము లేకపోవుట ఎబెన్ అప్టన్ మొదలగువారు గమనించిరి. వారు 2009లో ఒక ధర్మసంస్థను స్థాపించి, 2012 ఫిబ్రవరి 29న ఈ బోర్డును అమ్మకమునకు పెట్టిరి. వెల 35 డాలర్లు. నాటి మారకమున రమారమి 1,700 రూపాయలు. 2015 నవంబరులో 'జీరో' నమూనాను 5 డాలర్లకు తెచ్చి, తమ మాసపత్రిక అట్టకు అంటించి పంచిరి. (మన వార్షిక సంచికకు అట్టి యోగము ఇప్పట్లో పట్టునని మేమనుకొనము.) మెమొరీ చిప్పుల వెలలు పెరిగినందున 2025లో కొన్ని నమూనాల ధర పెంచబడెను. కనుక పాత ధరలు విని అంగడికి పోరాదు.

"ఇంటిలో సెల్‌ఫోను ఉన్నదికదా, ఇది యెందుకు?" అని కొందరందురు. సెల్‌ఫోను ఒకరు చేసి ఇచ్చిన పనులను చేయును. దానిచేత క్రొత్తపని చేయించుట పిల్లలకు సులభము కాదు. ఈ బోర్డు అంచున 40 పిన్నులు రెండు వరుసలుగా నిలిచియుండును. వానిలో పలువానికి మనము చెప్పినప్పుడు విద్యుత్తు వచ్చును, చెప్పినప్పుడు ఆగును. జకార్డు మగ్గమునెరిగినవారికి ఇది తెలియనిది కాదు. అట్టలో రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. అట్టల వరుస మార్చినచో అంచు మారును. ఫ్రాన్సు దేశపు జకార్డు 1804 ప్రాంతమున చేసిన ఆ యేర్పాటే నేటి ప్రోగ్రామునకు ముత్తాత. ఇచట పోగునకు బదులు పిన్ను, అట్టకు బదులు పిల్లవాడు వ్రాసిన పంక్తి.

ఒక ఉదాహరణము చెప్పెదము. మేడపైని తొట్టిలో నీరెంత యున్నదో దిగువనుండి తెలిసికొనవలెను. మనచెవికి వినబడని ధ్వనిని పంపి, దాని ప్రతిధ్వనిని వినెడు చిన్న పరికరమును తొట్టి మూతకు బిగింతుము. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. ప్రతిధ్వని సెకనులో 6 వేయవ వంతులకు తిరిగివచ్చినచో, రాకపోకలకు కలిపి రెండు మీటర్లు. అనగా నీరు మూతకు ఒక మీటరు దిగువనున్నది. తొట్టి లోతు ఒకటిన్నర మీటరైనచో మిగిలిన నీరు అర మీటరు. ఇందులో భౌతికశాస్త్రమును, భాగహారమును రెండును కలవు. 2021 నవంబరులో కౌండిన్యకు వరద వచ్చి గుడియాత్తములో ఇండ్లు నీట మునిగిన సంగతి ఎవరును మరువలేదు. మోర్ధానా జలాశయమునుండి వచ్చు నీటిమట్టమును కొలుచుటకును మూలసూత్రమిదే. పిల్లల బోర్డు ప్రభుత్వపు హెచ్చరికకు బదులు కాదు. కాని ఆ హెచ్చరిక ఎట్లు పుట్టునో వారికి తెలియును.

ఇట మా తప్పొకటి చెప్పవలసియున్నది. ఆ ధ్వని పరికరము 5 వోల్టులతో బదులిచ్చును. బోర్డు పిన్నులు 3.3 వోల్టులకు మించి ఓర్వవు. నడుమ రెండు రెసిస్టరులు పెట్టవలెను. ఈ సంగతి కనుగొనక మేము మొదటి బోర్డును పాడుచేసికొంటిమి. మోటారును నడపు 230 వోల్టుల తీగెను మాత్రము పిల్లలు తాకనే కూడదు; ఆ పని ఎలక్ట్రీషియనుదే.

ఒక తల్లి మమ్మడిగిన ప్రశ్న అన్నిటికంటె మాకు నచ్చినది: "ఇందులో తెలుగు వచ్చునా?" మేము మొదట తెరచినప్పుడు తెలుగునకు బదులు ఖాళీ గళ్లే కనబడెను. తప్పు యంత్రముది కాదు. 1991లోనే యూనికోడులో తెలుగునకు చోటు దొరకినది; లేనిది అక్షరరూపము. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు రూపొందించిన పోతన, వేమన అను ఫాంటులు ఉచితముగా దొరకును. అవి చేర్చినంతనే గళ్లు అక్షరములైనవి. పైథాన్ 3 అను ప్రోగ్రాము భాషలో 'ఇఫ్', 'వైల్' వంటి మాటలు ఇంగ్లీషువే గాని, మనము పెట్టు పేరులు తెలుగులో ఉండవచ్చును. మా పిల్లలలో ఒకరు 'నీటిమట్టము' అని పేరు పెట్టి వ్రాయగా యంత్రము దానిని యథాతథముగా అంగీకరించెను. వేలూరులో ఇంట తెలుగు, వీథిలో తమిళము, పుస్తకములో ఇంగ్లీషు నడపుకొను పిల్లలకు ఇది చిన్న సంతోషము కాదు.

కొనుటకు పూర్వము, పిల్లవాడు ఏమి చేయదలచెనో అడుగుడు. దీపము వెలిగించుట, వేడి కొలుచుట మాత్రమే అయినచో పూర్ణమైన కంప్యూటరు అక్కరలేదు. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో గాని, 2021లో 4 డాలర్లకు వచ్చిన పికో గాని చాలును. ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి ఒకదానిని కొనుట మేము మెచ్చుకొనుచున్నాము. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబు పథకము క్రింద ఎంపికైన బడులకు 20 లక్షల రూపాయలవరకు సహాయము కలదు. ఆరవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకుగల పిల్లలకు అచట ఇట్టి బోర్డులు అందును. మీ బంధువుల పిల్లలు చదువు బడిలో అది కలదేమో విచారింపుడు.

కొన్న పిదప ఒక జాగ్రత్త. పని ముగియగానే తీగె లాగివేయరాదు. ముందు తెరపై ఆపుమని ఆజ్ఞ యిచ్చి, అది ఆగిన తరువాతనే తీయవలెను. లేనిచో కార్డులోని వ్రాత చెడవచ్చును. చెడినను బెదరనక్కరలేదు, కార్డును తుడిచి మరల వ్రాసికొనవచ్చును.