రగ్బీలో జాతీయ ప్రాతినిధ్య అర్హత

రగ్బీ యూనియన్ క్రీడలో ఒక ఆటగాడు ఏ దేశపు జట్టులో ఆడవచ్చునో తెలిపే నియమాలను ప్రాతినిధ్య అర్హత నియమాలు అంటారు. వరల్డ్ రగ్బీ సంస్థ నిబంధనావళిలో ఇవి 8వ నిబంధన క్రింద ఉన్నాయి.

నియమాలు

ఈ నియమాలకు పాస్‌పోర్టుతో పనిలేదు. ఆటగాడు ఆ దేశంలో జన్మించి ఉండాలి. లేదా అతని తల్లిదండ్రులలో గాని, వారి తల్లిదండ్రులలో గాని ఒకరు అక్కడ జన్మించి ఉండాలి. అదీ లేనిచో ఆడబోయే నాటికి వరుసగా 60 నెలలు ఆ దేశపు రగ్బీ సంఘంలోనే నమోదై ఉండాలి. విడతలుగా మొత్తం పదేళ్ళు నివసించినా చాలును. నివాస కాలం పూర్వం 36 నెలలే. దానిని పెంచాలని 2017లో నిర్ణయించారు. ఒలింపిక్ క్రీడలలో మాత్రం పౌరసత్వం తప్పనిసరి.

హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాలలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివేవారికి ఇటువంటి లెక్కలు కొత్త కావు. 1973లో రద్దయిన ముల్కీ నిబంధనలు కూడా పుట్టుకను గాని, 15 ఏళ్ళ స్థిర నివాసాన్ని గాని అడిగేవి. తిరిగి స్వస్థలానికి పోయే తలంపు లేదన్న ప్రమాణపత్రం అదనం. రగ్బీ అంత దూరం పోలేదు.

వివాదాలు

వేల్స్ జట్టులో ఆడుతున్న షేన్ హోవార్త్, బ్రెట్ సింకిన్సన్‌లకు ఆ దేశంలో జన్మించిన పూర్వీకుల ఆధారం లేదని 2000లో బయటపడింది. హోవార్త్ 1994లో న్యూజీలాండ్ తరఫున కూడా ఆడినవాడే. పత్రికలు ఈ ఉదంతానికి "గ్రానీగేట్" అని పేరు పెట్టాయి.

ఒక దేశానికి ఆడినవాడు మరొక దేశానికి ఆడరాదన్న కట్టడి వలన ఎక్కువగా నష్టపోయినవి టోంగా, సమోవా వంటి చిన్న ద్వీపదేశాలు. అక్కడి మూలాలున్న యువకులను సంపన్న దేశాలు కొన్ని మ్యాచ్‌లకు తీసుకొని వదిలివేసినా, వారికి పూర్వీకుల జట్టులో చోటు ఉండేది కాదు. 2022 జనవరి 1 నుండి ఈ నియమం సడలింది. మూడేళ్ళు అంతర్జాతీయ ఆటకు దూరంగా ఉన్నవారు తాము గాని, తల్లిదండ్రులు గాని, వారి తల్లిదండ్రులు గాని పుట్టిన దేశానికి ఒకసారి మారవచ్చును. ఆలస్యమైనా న్యాయమైన మార్పే ఇది. టోంగా దంపతులకు ఆస్ట్రేలియాలో పుట్టి, ఆ దేశానికి 73 టెస్టులు ఆడిన ఇజ్రాయెల్ ఫొలావ్ 2022లో టోంగా జట్టులో చేరాడు.

తెలుగునాట

తెలుగునాట ఈ ప్రశ్న క్రికెట్టులో ఎదురయింది. 1943లో హైదరాబాదులో పుట్టిన ఆసిఫ్ ఇక్బాల్, రంజీ ట్రోఫీలో హైదరాబాదుకు ఆడి, 1961లో పాకిస్తాన్ వెళ్ళాడు. అతని బంధువు గులాం అహ్మద్ భారత జట్టుకు నాయకత్వం వహించినవాడు. ఆసిఫ్ 1979-80లో పాకిస్తాన్ కెప్టెనుగా భారతదేశానికే వచ్చాడు.

విజయవాడలో పుట్టి ఆక్లాండులో పెరిగిన తేజ నిడమనూరు, 2022 నుండి నెదర్లాండ్స్ తరఫున ఆడుతూ, 2023 ప్రపంచకప్పులో ఉప్పల్ స్టేడియంలో న్యూజీలాండ్‌ను ఎదుర్కొన్నాడు. ఇక భారత జట్లలో ఆడాలంటే భారత పాస్‌పోర్టు ఉండవలసిందేనని 2008లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. విదేశీ పౌరసత్వం పొందిన ప్రవాస కుటుంబాల పిల్లలకు అమ్మమ్మ ఊరు ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉన్నా ఈ విషయంలో లెక్కలోకి రాదు.