కారు ఒకటే, తేడా రెండున్నర సెకన్లు: కిట్ కార్ స్ప్రింట్‌లో ఒక రోజు

 

పోయిన వీడియో కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "అన్నా, మీ కారు టాప్ స్పీడ్ ఎంత?" ఒక తమ్ముడైతే "నేను ఓఆర్ఆర్ మీద బైక్ 180 లాగాను, మీది దాటుతుందా?" అని పెట్టాడు. ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్నకి జవాబే అనుకోండి. నేను పోటీ చేసిన ఒక రోజు ఎలా గడిచిందో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్తాను. అది వింటే టాప్ స్పీడ్ అనే ప్రశ్న ఎందుకు అంత పెద్ద ప్రశ్న కాదో మీకే తెలుస్తుంది.

ముందు ఒక లెక్క. ఆ రోజు నేను ఇంట్లోంచి బయల్దేరింది తెల్లవారుజామున 5:30కి, తిరిగొచ్చింది రాత్రి 7కి. అందులో పోటీ ట్రాక్ మీద నేను కారు నడిపింది మొత్తం కలిపి 3 నిమిషాల 16 సెకన్లు. అవును, కరెక్ట్‌గానే విన్నారు.

కిట్ కారు అంటే ఏంటి?

కొత్తవాళ్ల కోసం క్లుప్తంగా. కిట్ కారు అంటే కంపెనీ పూర్తిగా తయారుచేసి అమ్మే కారు కాదు. ఛాసిస్, బాడీ ప్యానెళ్లు, సస్పెన్షన్ సామాను పెట్టెల్లో వస్తాయి. ఇంజన్, గేర్‌బాక్స్ ఏదో పాత కారులోంచి తీస్తారు. అన్నీ కలిపి గ్యారేజీలో మనమే బిగించుకోవాలి.

ఇంగ్లండ్‌లో ఇది బాగా పాత అలవాటు. 1957లో కోలిన్ చాప్‌మన్ కంపెనీ లోటస్ సెవెన్ అనే చిన్న కారు తెచ్చింది. అప్పట్లో పూర్తి కారు కొంటే పర్చేజ్ ట్యాక్స్ పడేది, విడి భాగాలుగా కొని సొంతంగా బిగించుకుంటే ఆ పన్ను తప్పేది. 1973లో ఆ కారు హక్కులు కేటర్‌హామ్ వాళ్లకి వెళ్లాయి. ఇప్పటికీ అదే ఆకారంలో రకరకాల కంపెనీల కార్లు, జనం ఇంట్లో వెల్డింగ్ చేసుకున్న కార్లు తిరుగుతూనే ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి "సెవెన్ తరహా" అంటారు. రోడ్డెక్కాలంటే మాత్రం ఐవీఏ అని ఒక ప్రభుత్వ పరీక్ష పాస్ అవ్వాల్సిందే.

నేను నడిపే కారు నాది కాదండి. మా పక్కింటి పెద్దాయనది. వయసు 68. ఒక పాత మాజ్దా ఎంఎక్స్-5లోంచి 1.8 లీటర్ ఇంజన్ తీసి, తన గ్యారేజీలో రెండేళ్లు కూర్చుని కట్టుకున్నారు. బరువు దాదాపు 600 కేజీలు. మన స్విఫ్ట్ సుమారు 900 ఉంటుంది కదా, దాంతో పోల్చుకోండి. తలుపులు లేవు, పైకప్పు లేదు, ఏసీ మాట ఎత్తకండి.

స్ప్రింట్‌లో ఒక మంచి సౌకర్యం ఉంది. ఒకే కారుని ఇద్దరు డ్రైవర్లు పంచుకోవచ్చు. ఆయన రన్ అయిపోయాక కారు మీద నంబరు మార్చి, సీట్లో దిండు సర్ది, నేను ఎక్కుతాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, అసలు కథ ఇక్కడే ఉంది.

స్ప్రింట్ అంటే ఏంటి?

రేసు అనగానే మనకి 20 కార్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయే బొమ్మ కనిపిస్తుంది. స్ప్రింట్ అలా కాదు. ట్రాక్ మీద మీ పోటీ గడియారంతోనే. ఒక్కొక్క కారే స్టార్ట్ లైన్ నుంచి బయల్దేరుతుంది, ఫినిష్ దాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. పక్కన తగలడానికి ఇంకో కారు ఉండదు. రోజంతా మీరు చేసిన టైమ్డ్ రన్స్‌లో బెస్ట్ టైమ్ ఒక్కటే లెక్క.

మేము వెళ్లింది స్టాఫర్డ్‌షైర్‌లో లిచ్‌ఫీల్డ్ ఊరి దగ్గర కర్‌బరో అనే స్ప్రింట్ కోర్సుకి. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డ్ ప్రాంతం అది. చుట్టూ పొలాలు, మధ్యలో సన్నటి తారు రోడ్డు. ఒక ల్యాప్ సుమారు 900 గజాలు, అంటే ఒక కిలోమీటరు కూడా లేదు. చూడ్డానికి మన ఊరి డొంక రోడ్డుకి కొంచెం బాగా తారు వేసినట్టు ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు "ఇంతేనా?" అంటారు.

పొద్దున తనిఖీ

కారు ఆపగానే మొదటి పని స్క్రూటినీరింగ్. అంటే అధికారి వచ్చి కారుని, మనల్ని కూడా తనిఖీ చేస్తారు. యాక్సిలరేటర్ నొక్కి వదిలితే స్ప్రింగ్ దాన్ని టక్కున వెనక్కి లాగుతోందా? బ్యాటరీ కదలకుండా బిగించి ఉందా? బ్యాటరీ ఎర్త్ వైరుకి పసుపు గుర్తు ఉందా? ఇంజన్ స్విచ్ ఎటు తిప్పితే ఆగుతుందో రాసి ఉందా? ఈ చివరి రెండూ ఎందుకో ఆలోచించండి. కారు బోల్తా పడి డ్రైవర్ స్పృహలో లేకపోతే, పరిగెత్తుకొచ్చిన మార్షల్ ఆ కారుని జన్మలో చూసి ఉండడు. ఒక్క సెకనులో ఇంజన్ ఆపగలగాలి, కరెంటు తీసెయ్యగలగాలి. అందుకే ఆ గుర్తులు.

హెల్మెట్ చూస్తారు. బైక్ హెల్మెట్ పెట్టుకొస్తే కుదరదు, మోటార్‌స్పోర్ట్ కోసం ఆమోదించిన రకమే ఉండాలి. మంటని కాసేపు తట్టుకునే ఓవరాల్స్ వేసుకోవాలి. కారు ముందు భాగంలో నిలువుగా ఒక నల్లటి రేకు ముక్క ఉంటుంది, ఎత్తు ఓ 10 అంగుళాలు. దాన్ని టైమింగ్ స్ట్రట్ అంటారు. స్టార్ట్‌లో, ఫినిష్‌లో కనపడని కాంతి రేఖ ఉంటుంది. ఈ రేకు ఆ రేఖని కోసినప్పుడే గడియారం మొదలవుతుంది, ఆగుతుంది. సెకనులో వందో వంతు దాకా కొలుస్తారు కాబట్టి కారు ఆకారాన్ని బట్టి తేడా రాకుండా అందరికీ ఒకటే గుర్తు.

మా పక్కన నిలబెట్టిన కారుకి బ్యాటరీ కొంచెం ఊగుతోందని అధికారి ఆపేశారు. పాపం ఆ అబ్బాయి ముఖం మాడిపోయింది. ఐదు నిమిషాల్లో నలుగురు పోటీదారులు టూల్‌బాక్సులు పట్టుకుని వచ్చారు. అందులో ఇద్దరు అతని క్లాసులోనే పోటీ పడుతున్నవాళ్లు! బ్రాకెట్ బిగించి, మళ్లీ తనిఖీ చేయించి పంపారు. నాకు ఈ ఆట మీద ఇష్టం పెరిగింది ఇలాంటివి చూసే.

తర్వాత కోర్సు మీద కాలినడకన ఒక రౌండ్. నడుస్తూ చూస్తే తారు ఎక్కడ గరుకుగా ఉందో, ఎక్కడ గుంట ఉందో, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో తెలుస్తుంది. కారులోంచి ఇవేవీ కనపడవు.

రెండున్నర సెకన్లు ఎక్కడికి పోయాయి?

ఇక ప్రాక్టీస్ రన్. లైన్ మీద కారు నిలబెడతారు, వెనక్కి జారకుండా మార్షల్ వెనక చక్రం కింద చెక్క ముక్క పెడతాడు. పచ్చ లైటు వచ్చాక మనం సిద్ధంగా ఉన్నప్పుడు వెళ్లొచ్చు, తొందరేమీ లేదు. ఎందుకంటే లైటుతో కాదు, కారు కదిలి రేఖ కోసినప్పుడే గడియారం మొదలవుతుంది.

ముందు పెద్దాయన వెళ్లారు. 36.9 సెకన్లు. తర్వాత నేను. 39.4.

కారు ఒకటే. టైర్లు ఒకటే. రోడ్డు ఒకటే. నా వయసు 29, ఆయనది 68. తేడా రెండున్నర సెకన్లు. స్ప్రింట్‌లో రెండున్నర సెకన్లు అంటే మామూలు విషయం కాదు ఫ్రెండ్స్, కొన్నిసార్లు క్లాసులో మొదటివాడికీ చివరివాడికీ మధ్య ఉండే దూరం అంత.

సరే, ఎక్కడ పోయాయో చూద్దాం. మొదటి 64 అడుగులకి విడిగా టైమ్ ఇస్తారు, మన ఓపెనింగ్ ఎలా ఉందో చెప్పడానికి. ఆయనది 2.51, నాది 2.58. అంటే స్టార్ట్‌లో తేడా నామమాత్రం. కారులో జీపీఎస్ లాగర్ ఉంది. అందులో టాప్ స్పీడ్ చూశాను. ఆయనది 137, నాది 138 కిలోమీటర్లు. అవును, టాప్ స్పీడ్ నాదే ఎక్కువ! అయినా రెండున్నర సెకన్లు వెనక ఉన్నాను.

లాగర్ గీతలు పక్కపక్కన పెడితే విషయం బయటపడింది. నేను మలుపు దాకా గట్టిగా వెళ్లి, ఆలస్యంగా బ్రేక్ వేస్తున్నాను. ఆయన నాకంటే కొంచెం ముందే బ్రేక్ వేసి, మలుపులోకి వెళ్లకముందే ఆ పని ముగించి, సగం మలుపులోనే మళ్లీ యాక్సిలరేటర్ మీద కాలు పెడుతున్నారు. నేను ఇంకా స్టీరింగ్‌తో కుస్తీ పడుతుంటే ఆయన కారు అప్పటికే పరుగు అందుకుంటోంది. ఒక్కో మలుపులో అర సెకను, ఆ తర్వాత వచ్చే స్ట్రెయిట్ అంతా ఆ తేడా పెరుగుతూ పోతుంది.

దీని వెనక సైన్స్ సింపుల్. టైరుకి ఉన్న పట్టుని రోజుకి 2 జీబీ డేటా ప్యాక్ అనుకోండి. బ్రేకింగ్‌కి వాడినా అందులోంచే, మలుపు తిరగడానికి వాడినా అందులోంచే. మొత్తం డేటా బ్రేకింగ్‌కే అవగొట్టేస్తే తిరగడానికి ఏమీ మిగలదు, కారు తిన్నగా గడ్డిలోకి పోతుంది. పెద్దాయన ఆ ప్యాక్‌ని లెక్కగా ఖర్చు పెడతారు. ఆయన నాతో అన్న మాట ఒక్కటే: "తొందర లోపలికి వెళ్లేటప్పుడు కాదు, బయటికి వచ్చేటప్పుడు పడు."

మధ్యాహ్నం, వాన

రెండో ప్రాక్టీస్‌లో నాది 38.9. లంచ్ తర్వాత టైమ్డ్ రన్స్. మొదటిది 38.4. రెండోదానికి నేను పెట్టుకున్న పని ఒక్కటే, ప్రతి మలుపు ముందూ 5 మీటర్లు ముందుగా బ్రేక్ వదలడం. కారులో కూర్చుంటే నిదానంగా వెళ్తున్నట్టే అనిపించింది. శబ్దం తక్కువ, టైర్ల అరుపు తక్కువ. బోర్డు మీద చూస్తే 37.9! వేగంగా అనిపించిన రన్ నెమ్మదిగా వచ్చింది, నెమ్మదిగా అనిపించిన రన్ వేగంగా వచ్చింది. మన ఒంటికి తెలియదు ఫ్రెండ్స్. గడియారానికే తెలుసు.

మూడో రన్‌కి లైన్లో ఉండగా చినుకులు మొదలయ్యాయి. ఇంగ్లండ్ వాతావరణం సంగతి మీకు తెలిసిందే. తడి తారు మీద 41.6. పెద్దాయన ఆ రన్ వదిలేసి, కారు పక్కన గొడుగు పట్టుకుని టీ తాగారు. ఆయన బెస్ట్ 36.7. మా క్లాసులో ఏడుగురం ఉంటే ఆయన మూడు, నేను ఐదు. కప్పు లేదు, మెడల్ లేదు. కానీ పొద్దున 2.5 ఉన్న తేడా సాయంత్రానికి 1.2 అయ్యింది. ఆ 1.3 సెకన్లు నేను ఇంటికి తెచ్చుకున్న బహుమతి.

ఖర్చు, మన దగ్గర పరిస్థితి

ఎంట్రీ ఫీజు 120 పౌండ్లు, అంటే మన డబ్బుల్లో 13 వేలు పైనే. క్లబ్ మెంబర్‌షిప్, మోటార్‌స్పోర్ట్ యూకే ఇచ్చే లైసెన్సు, హెల్మెట్, ఓవరాల్స్ వేరు. చవక అనను. కానీ కారు పంచుకుంటే సామాన్యుడికి అందుతుంది.

మరి మన దగ్గర? ఇంట్లో కారు కట్టి రోడ్డు మీద తిప్పుతానంటే కష్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడమే కుదరదని 2019లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కానీ ట్రాక్ మీద దారులు ఉన్నాయి. కోయంబత్తూర్‌లో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఆ పేరు కరివర్ధన్ గారిది. మారుతీ ఇంజన్లతో తక్కువ ఖర్చులో రేసు కార్లు కట్టి ఎంతోమంది కుర్రాళ్లకి దారి చూపిన మనిషి ఆయన. ఇంజినీరింగ్ స్టూడెంట్స్ సొంతంగా కారు డిజైన్ చేసి పోటీ పడే ఫార్ములా భారత్ లాంటివి ఉన్నాయి. అందులోనూ గడియారంతోనే పోటీ. మీ కాలేజీలో టీమ్ ఉందేమో కనుక్కోండి. లేకపోతే మీరే మొదలుపెట్టండి.

ఇప్పుడు ఓఆర్ఆర్ తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ 180 ముందు నా 138 చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ ఒక లెక్క చూడు. మంచి పొడి రోడ్డు మీద 100లో వెళ్లే కారు, డ్రైవర్‌కి ప్రమాదం కనపడ్డాక ఒక సెకను ఆలోచన కలుపుకుంటే, ఆగడానికి దాదాపు 75 మీటర్లు పడుతుంది. 200లో అయితే రెట్టింపు అనుకుంటావు. కాదు, 250 మీటర్ల దాకా పోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకింగ్ దూరం నాలుగింతలు. ఆ 250 మీటర్లలో ఒక లారీ ఆగి ఉండొచ్చు, ఒక కుక్క అడ్డం రావొచ్చు, పని ముగించుకుని ఇంటికెళ్లే ఒక నాన్న ఉండొచ్చు. అక్కడ రెడ్ ఫ్లాగ్ ఊపే మార్షల్ లేడు, పసుపు గుర్తు చూసి కరెంటు తీసేవాడు లేడు, రెండో రన్ కూడా లేదు.

ఇంకో మాట. రోడ్డు మీద 180 కొట్టడానికి పెద్దగా విద్య అక్కర్లేదు, యాక్సిలరేటర్ తిప్పితే చాలు. అదే బైక్ మీద ఒక చిన్న మలుపుని నాకంటే అర సెకను ముందు, శబ్దం లేకుండా దాటి చూపించు, అప్పుడు నేను నీకు సెల్యూట్ చేస్తాను. దానికి గడియారం కావాలి, ట్రాక్ కావాలి, ఓపిక కావాలి. 68 ఏళ్ల పెద్దాయన దగ్గర ఉన్నదీ, ఆ రోజు పొద్దున నా దగ్గర లేనిదీ ఆ ఓపికే.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ లాగర్ గీతలు స్క్రీన్ మీద పెట్టి, ఒక్కో మలుపూ విడదీసి చూపిస్తాను. మీ కాలేజీ టీమ్‌లో ఎవరైనా కారు కడుతుంటే కామెంట్‌లో చెప్పండి, మీ ప్రశ్నలు అందులో కలుపుతాను. హెల్మెట్ పెట్టుకోండి, క్లిప్ కూడా పెట్టుకోండి. ఉంటాను మరి.