మనసును యంత్రములోనికి ఎక్కించగలమా?

“అయ్యగారూ, మనిషి మనసును కంప్యూటర్‌లోనికి మార్చగలిగితే ఇక చావే ఉండదు గదా, పునరుత్థానముతో పనేమి?” అని కొందరు యౌవనులు అడుగుతున్నారు. మంచి ప్రశ్నే.

హాన్స్ మొరావెక్ అనే రోబో శాస్త్రవేత్త 1988లో తన గ్రంథములో ఈ ఆలోచనను వివరించాడు. మెదడులోని నాడీకణములను, వాటి మధ్య ఉన్న లంకెలను నమోదు చేసి, కంప్యూటర్‌లో అలాగే పనిచేయిస్తే అదే మనసు అక్కడ మేల్కొంటుందని ఈ పక్షమువారి వాదన.

302 నాడీకణములున్న ఒక చిన్న పురుగు నాడీపటమును 1986లో ప్రచురించారు. పండ్లమీద ముసిరే చిన్న ఈగ మెదడు పటము, సుమారు 1,39,000 కణములతో, 2024లో వచ్చింది. మనిషి మెదడులో ఉన్నవి సుమారు 8,600 కోట్లు! ఆ పురుగు ప్రవర్తననే నేటికీ కంప్యూటర్‌లో పూర్తిగా చూపలేకపోయారు.

సరే, ఒకనాడు సాధ్యమైందనుకుందాము. నీకు హాని లేకుండా నీ మెదడును నమోదు చేశారు. యంత్రము “నేనే” అంటుంది. కాని నీవు ఇంకా కుర్చీలోనే కూర్చుని ఉన్నావు. ముసలితనము నీకే వస్తుంది, చావు నీకే వస్తుంది. పట్టా కాగితమునకు జిరాక్స్ తీసినంత మాత్రాన అసలు కాగితము కాలకుండా ఉంటుందా?

“మరి దేవుడు లేపేది కూడ నకలే కదా?” అంటారేమో. కాదు ప్రియులారా. ఆదివారము ఉదయమున సమాధి ఖాళీగా ఉంది. తోమాకు చూపిన చేతులలో మేకుల గురుతులున్నవి. సిలువ వేయబడిన ఆయనే లేచాడు. మన దేహములు మన్నైపోయినా, మనలను ఎరిగిన దేవుడు మనలను చేజార్చుకోడు. 1 కొరింథీ 15లో పౌలు విత్తనమును చూపింది అందుకే. మొలిచేది వేరే రూపము, అయినా విత్తబడిన దానినుండియే.

ఈ దినములలో చనిపోయినవారి స్వరముతో మాట్లాడే ప్రోగ్రాములు వచ్చినవి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లీ, ఆ స్వరము వినాలని ఆశపడుట పాపమని నేననను. అయితే నీ బిడ్డ ఆ ఫోనులో లేడు. అక్కడ వెదకి మరల మరల గాయపడవద్దు. లాజరు సమాధియొద్ద కన్నీరు విడిచిన ప్రభువు నీ దుఃఖమును ఎరుగును. ఆయన నకలు ఇవ్వడు, పేరు పెట్టి పిలిచి లేపుతాడు.

ఆ నిరీక్షణలో దేవుడు మిమ్మును ఆదరించును గాక. ఆమేన్.